ముఖం స్టార్‌ది, గౌను కంపెనీది, మరి కథ ఎవరిది?

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేస్తుంటే ఒక పాత అమెరికన్ మ్యాగజైన్ దొరికింది. అట్ట నలిగిపోయింది గానీ లోపలి కాగితం ఇంకా నిగనిగలాడుతోంది. ఇంటికి తెచ్చి తీరిగ్గా చూస్తుంటే ఒక ఫొటో దగ్గర ఆగిపోయాను. రాతి మెట్లు, వెనక కోట. పెద్ద గౌనులో ఒకమ్మాయి మెట్ల మీంచి కిందికి పరుగెడుతోంది. ఒక చెప్పు వెనకే ఉండిపోయింది. "స్కార్లెట్ జోహాన్సన్" అన్నాను నేను. పక్కనుంచి తొంగిచూసిన మా ఏడేళ్ల పాప "సిండ్రెల్లా" అంది.

ఇద్దరం చెప్పిందీ నిజమే. ఆ ఒక్క బొమ్మలో ఇద్దరున్నారు. చూసేవాళ్ల వయసుని బట్టి ఒకరు ముందు కనిపిస్తారు, ఇంకొకరు తర్వాత. అది డిస్నీ పార్కుల ప్రకటన. అందులో ఊయలలు, రంగులరాట్నాలు ఏవీ లేవు. సెలవులకి వెళ్లే కుటుంబం నవ్వుతూ నిలబడిన ఫొటో కూడా లేదు. ఇంత పెద్ద తారని పెట్టి, ఇంత ఖర్చు చేసి ఆ కంపెనీ అసలు ఏం అమ్ముతోంది, ఎవరికి అమ్ముతోంది అన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే, ఊరందరి సొత్తైన కథ ఒక కంపెనీ సొత్తులా కనబడటం ఎలా జరుగుతుందో మెల్లగా అర్థమవుతూ వచ్చింది.

ముందు జరిగిందేమిటో చెప్తాను. 2006 అక్టోబరులో డిస్నీ తన పార్కుల్లో పది లక్షల కలల సంవత్సరం అంటూ ఒక ప్రచారం మొదలుపెట్టింది. పేరుకి సంవత్సరమే గానీ 2008 చివరిదాకా సాగింది. పార్కుకి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరిని సిబ్బంది ఉన్నట్టుండి ఆపి బహుమతి చేతిలో పెట్టేవాళ్లు. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 189 అడుగుల ఎత్తున సిండ్రెల్లా కోట ఉంది. దాని లోపల ఒక సూట్ సిద్ధం చేసి, అదృష్టం వరించిన కుటుంబాన్ని ఒక రాత్రి అక్కడ పడుకోనిచ్చేవాళ్లు. డబ్బిచ్చి కొనుక్కుందామంటే దొరికే గది కాదది. ఆ ప్రచారంలో భాగంగానే 2007 జనవరిలో మొదటి మూడు ఫొటోలు బయటికొచ్చాయి. సిండ్రెల్లాగా స్కార్లెట్ జోహాన్సన్, ఆలిస్‌గా బియాన్సే, నిద్రపోయే రాకుమారిని లేపిన ప్రిన్స్ ఫిలిప్‌గా ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్. మూడూ తీసింది యానీ లీబోవిట్జ్.

ఫొటోలు ఆ మూడింటితో ఆగలేదు, ప్రచారం ముగిశాక కూడా వస్తూనే ఉన్నాయి. గాల్లో ఎగిరే పీటర్ పాన్‌గా బ్యాలే నర్తకుడు మిఖాయిల్ బరిష్నికోవ్, వెండీగా జిసెల్ బుంచెన్, టింకర్ బెల్‌గా టీనా ఫే. తివాచీ మీద జెన్నిఫర్ లోపెజ్, మార్క్ ఆంథొనీ, వాళ్లకి తోడు భూతంగా వూపీ గోల్డ్‌బర్గ్. రాతిలోంచి కత్తి లాగే ఆర్థర్ రాజుగా రోజర్ ఫెడరర్. మత్స్యకన్యగా జూలియన్ మూర్, ఆమె పక్కన తోకతో ఈదుతూ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 8 బంగారు పతకాలు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్. 2011లో పెనెలోపి క్రూజ్, జెఫ్ బ్రిడ్జెస్. 2013లో పొడుగు జుట్టు రపంజెల్‌గా టేలర్ స్విఫ్ట్. ఇలా 2014 దాకా నడిచింది.

లీబోవిట్జ్‌నే ఎందుకు పిలిచారు? పేరున్న ఫొటోగ్రాఫర్ కాబట్టి అంటే సగమే చెప్పినట్టు. 1949లో పుట్టిన ఆమె 1970లో రోలింగ్ స్టోన్ పత్రికతో మొదలై, తర్వాత వానిటీ ఫెయిర్‌కి, వోగ్‌కి దశాబ్దాల పాటు ఫొటోలు తీశారు. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్య జరిగిన 1980 డిసెంబరు 8న, కొన్ని గంటల ముందు ఆయన్ని భార్య యోకో ఓనోతో కలిపి తీసింది ఆమే. నాకు ముఖ్యమనిపించేది వేరే సంగతి. 2003 డిసెంబరు వోగ్ కోసం ఆమె ఆలిస్ కథని ఫ్యాషన్ ఫొటోలుగా తీశారు. మోడల్ నటాలియా వొడియనోవా ఆలిస్ అయితే, మిగతా పాత్రల్లో కార్ల్ లాగర్‌ఫెల్డ్ లాంటి పేరున్న డిజైనర్లే నిలబడ్డారు. 2005 డిసెంబరులో కీరా నైట్లీని డొరొతీగా చూపిస్తూ ఓజ్ మాంత్రికుడి కథ చేశారు. అంటే తారలు బాలకథల వేషం కట్టే పద్ధతి డిస్నీ రాకముందే ఆ పత్రికలో, ఆ చేతుల మీదుగానే తయారై ఉంది.

ఇప్పుడు 2007 మార్చి సంచికలు తిప్పే పాఠకురాలిని ఊహించుకోండి. వోగ్, వానిటీ ఫెయిర్, న్యూయార్కర్ లాంటి పత్రికల్లో ఈ ప్రకటనలు వచ్చాయి. మూడేళ్ల కిందట అదే పత్రికలో అదే ఫొటోగ్రాఫర్ తీసిన ఆలిస్‌ని చూసిన మనిషికి, ఇప్పుడు బియాన్సే ఆలిస్‌గా కనిపిస్తే అది ప్రకటన అనిపించదు. పత్రిక తన సొంత పేజీల్లో వేసిన కొత్త ఫొటో అనిపిస్తుంది. చెయ్యి ఆగుతుంది, పేజీ తిరగదు. ప్రకటనల వాళ్లకి కావలసింది ముందుగా ఆ ఆగడమే. లీబోవిట్జ్ పేరుతో పాటు డిస్నీ ఆ నమ్మకాన్ని కూడా కొనుక్కుంది.

ఇంకో సంగతి కూడా గమనించండి, ఇవి పిల్లల పత్రికలు కావు. తారల జాబితా మళ్లీ చదివి చూడండి. 2007లో ఆరేళ్ల పిల్లకి బరిష్నికోవ్ ఎవరో తెలుస్తుందా? బియాన్సే పక్కన టోపీవాలాగా కూర్చున్న ఆలివర్ ప్లాట్, కుందేలు వేషంలో ఉన్న గాయకుడు లైల్ లవెట్ తెలుస్తారా? పినోకియో కథలోని నీలి దేవతగా కనిపించిన జూలీ ఆండ్రూస్ ఆ పిల్ల అమ్మమ్మ కాలం తార. వీళ్లంతా పెద్దవాళ్ల కోసం ఎంచుకున్న ముఖాలు. పార్కుకి వెళ్దామని మారాం చేసేది పిల్లలే అయినా, సెలవు పెట్టేది, విమానం టికెట్లు కొనేది, క్రెడిట్ కార్డు తీసేది పెద్దవాళ్లు. పిల్లలకి పాత్ర చాలు, వాళ్లని కొత్తగా ఒప్పించనక్కర్లేదు. "ఇది పిల్లల చోటు, మనకేముంటుంది" అనుకునే తల్లితో "ఇది నీ చోటు కూడా" అని చెప్పాలి. ఆ మాట చెప్పడానికే ఆమె ఇష్టపడే ముఖం కావాలి.

వయసుల ఎంపిక చూసినా ఇదే తెలుస్తుంది. పీటర్ పాన్ ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లాడు. బరిష్నికోవ్ అప్పటికి అరవై అంచున ఉన్నారు. డిస్నీ సినిమాలో మత్స్యకన్య ఏరియల్ వయసు 16, జూలియన్ మూర్‌ది అప్పటికి యాభైకి దగ్గర. లెక్క తప్పి ఇలా పెట్టలేదు. పెరిగిపోయిన మనిషిని పిల్లాడి వేషంలో ఎగరనిస్తేనే "ఇక్కడ పెద్దవ్వాల్సిన పని లేదు" అన్న మాటకి బలం వస్తుంది. ఈ ప్రకటనల మీద నాకు ఎన్ని అభ్యంతరాలున్నా, ఆ వయసు ఆవిడని మత్స్యకన్యని చేసినందుకు మాత్రం సంతోషమే. సినిమాలు ఆ అవకాశం ఇవ్వవు.

ఇక కింద రాసిన వాక్యాల సంగతి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తెలివైన పని అక్కడే కనిపిస్తుంది. సిండ్రెల్లా ఫొటోకి రాసిన మాట తెలుగులో చెప్పుకుంటే, ప్రతి సిండ్రెల్లా కథా నిజమయ్యే చోటు. బియాన్సేకి, వింతలోకమే నీ గమ్యమయ్యే చోటు. పీటర్ పాన్‌కి, నువ్వెప్పుడూ పెద్దవ్వనక్కర్లేని చోటు. ఫెడరర్‌కి, కోర్టులో ఎప్పుడూ నువ్వే రాజయ్యే చోటు. స్విఫ్ట్‌కి, సాహసాల లోకం ఎదురుచూసే చోటు. ప్రతి వాక్యం ఒకే మాటతో మొదలవుతుంది, స్థలాన్ని సూచించే "వేర్" (where) అన్న మాట. ఇంగ్లిషులో అది వాక్యానికి తలలా ముందు నిలబడుతుంది, తెలుగులోకి వస్తే "చోటు" అయి చివర కూర్చుంటుంది.

ఆ ఒక్క మాట చేసే పని చిన్నది కాదు. కథలకి చోటు ఉండదు. "అనగనగా ఒక ఊళ్లో" అంటాం గానీ ఏ ఊరో చెప్పం. చెప్పకపోవడం వల్లే ఆ ఊరు వినేవాళ్లందరిదీ అవుతుంది. నా చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన ఏడు చేపల కథలో చెరువు మా ఊరి చెరువే అనుకునేదాన్ని, పక్కూరి పిల్లలు వాళ్ల చెరువనుకునేవాళ్లు. ఈ ప్రకటన ఆ "ఒక ఊరి"కి అడ్రసు రాసింది. కథ జరిగే చోటు ఇదీ, గేటు ఇదీ, టికెట్ తీసుకుంటే లోపలికి రావచ్చు.

దానికి గీసిన బొమ్మ కాకుండా ఫొటో ఎందుకు కావలసొచ్చిందో ఇప్పుడు సులువుగా తెలుస్తుంది. డిస్నీ దగ్గర బొమ్మలు గీసేవాళ్లకి కొరత లేదు. కానీ గీసిన సిండ్రెల్లా కాగితం మీదే ఉంటుంది. ఫొటోకి మాత్రం "ఇది ఎక్కడో ఉంది, ఎవరో అక్కడ నిలబడి తీశారు" అన్న సాక్ష్యం దానంతటదే అంటుకుని వస్తుంది. నిజానికి ఈ ఫొటోల్లో చాలావరకు ఒకే క్షణంలో, ఒకే చోట జరిగినవి కావు. మనుషుల్ని విడిగా, నేపథ్యాన్ని విడిగా తీసి కంప్యూటర్‌లో కలిపి అతికినవి. ఆ సంగతి చూసేవాళ్లకీ తెలుసు. అయినా జోహాన్సన్ నిజమైన మనిషి కాబట్టి, ఆవిడ పరుగెత్తే మెట్లు కూడా నిజమే అనిపిస్తాయి. ముఖం నిజం కావడంతో కోట కూడా నిజమైపోతుంది.

లీబోవిట్జ్ వెలుగు కూడా ఇందుకు సాయం చేసింది. ఆమె ఫొటోల్లో నేపథ్యం కాస్త మసకగా, సాయంత్రం మబ్బు పట్టినట్టు ఉంటుంది. మనిషి మీద మాత్రం ఒక పక్కనుంచి మెత్తటి వెలుగు పడుతుంది. పాత యూరోపియన్ తైలవర్ణ చిత్రాల్లో కనిపించే పద్ధతి ఇది. పార్కులో మిట్టమధ్యాహ్నం ఎండ, క్యూలు, చంటిపిల్లల ఏడుపు ఉంటాయి. ఫొటోలో ఎప్పుడూ సంధ్యవేళే. మరీ తళతళలాడే రంగులు వేసి ఉంటే అవి బొమ్మల దుకాణం ప్రకటనల్లా ఉండేవి. ఆ మసకే వాటికి పెద్దరికం ఇచ్చింది.

పాత్రకి తారని ఎలా ఎంచుతారన్నది కూడా సరదా కోసం చేసిన పని కాదు. బెక్‌హామ్ లాస్ ఏంజెలెస్ గెలాక్సీ క్లబ్‌కి వస్తున్నట్టు ప్రకటన వెలువడింది 2007 జనవరి 11న. రాకుమారుడి ఫొటో విడుదలైంది అదే నెలలో. అమెరికాకి కొత్తగా వస్తున్న విదేశీ వీరుడిని కథలో గుర్రమెక్కి వచ్చే వీరుడిగా పరిచయం చేశారు. జూలీ ఆండ్రూస్‌కి డిస్నీతో బంధం 1964 నాటి మేరీ పాపిన్స్ సినిమా నుంచి ఉంది, 2005లో డిస్నీలాండ్ యాభై ఏళ్ల వేడుకలకి ఆవిడే గౌరవ రాయబారి. ఫెల్ప్స్ ఈత, బరిష్నికోవ్ గెంతు, ఫెడరర్ కోర్టు, ఇవన్నీ ముందే జనానికి తెలిసిన నైపుణ్యాలు. వేషం వేసినా ఆ నైపుణ్యం లోపల కనిపిస్తూనే ఉంటుంది. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరుగుతుంది. తార తన కాలపు తళుకు పాత్రకి ఇస్తాడు, పాత్ర తన ముసలితనం లేని గుణాన్ని తారకి ఇస్తుంది.

అయితే ఒక జాగ్రత్త ఉంది. ఏ తారా పాత్రని మింగేయకూడదు. మన దగ్గర జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు, అందుకే పోల్చి చూడాలనిపిస్తుంది. 1957లో మాయాబజార్ తర్వాత తెలుగువాళ్లకి కృష్ణుడి ముఖం అంటే ఎన్టీఆర్ ముఖం. ఆ వేషంలోని ఫొటోలు క్యాలెండర్లకెక్కి, ఇళ్లలో దేవుడి పటాల పక్కన చేరాయి. తిరుపతి వెళ్లిన యాత్రికులు బస్సుల్లో మద్రాసు దాకా వెళ్లి ఆయన ఇంటి ముందు నిలబడి చూసొచ్చేవాళ్లు. అక్కడ కూడా బొమ్మలోంచి ఒక "చోటు" పుట్టింది, కాకపోతే ఆ చోటు నటుడి ఇంటి గుమ్మం. అలా జరగడం డిస్నీకి పనికిరాదు. జోహాన్సన్ అంటే సిండ్రెల్లా అని స్థిరపడిపోతే, రేపు ఆవిడ పరువు పోయినా, పారితోషికం పెంచినా పార్కుకే ఇబ్బంది. అందుకే ఒక్కొక్క పాత్రకి ఒక్కొక్కరు, ఏడాదికి కొత్తవాళ్లు. తారలు వచ్చి పోతుంటారు, గౌను మాత్రం అలాగే ఉంటుంది.

ఆ గౌను సంగతే అసలు చిక్కుముడి. సిండ్రెల్లా కథ డిస్నీది కాదు. ఫ్రాన్స్‌లో చార్లెస్ పెరో 1697లో అచ్చు వేసిన కథలో గాజు చెప్పు కనిపిస్తుంది. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన కథలో అక్కలు చెప్పు పట్టడానికి వేలు, మడమ కోసుకుంటారు. అంతకు దాదాపు వెయ్యేళ్ల ముందే చైనాలో తొమ్మిదో శతాబ్దపు గ్రంథంలో యె షియన్ అనే అమ్మాయి చెప్పు పోగొట్టుకుంది. మత్స్యకన్య 1837లో డెన్మార్క్ రచయిత ఆండర్సన్ రాసింది, ఆయన కథలో చివరికి ఆమె నురగైపోతుంది. ఆలిస్ 1865 నాటిది. ఈ కథలన్నీ కాపీరైట్ దాటినవి. ఎవరైనా సినిమా తీయవచ్చు, పార్కు కట్టవచ్చు. డిస్నీకి సొంతమైనవి తన సినిమాల్లోని గీతలు, రంగులు, పాటలు, ఆ రూపం. 1950 సినిమాలో సిండ్రెల్లా ఎలా కనిపించిందో ఆ రూపం.

ఈ తేడా కోర్టులో స్పష్టం, మనసులో కాదు. ప్రకటన పనిచేసేది ఆ మనసులోనే. మాసిన గుడ్డల్లో, బూడిదలో కూర్చున్న కొత్త సిండ్రెల్లాని ఊహించే స్వేచ్ఛ లీబోవిట్జ్‌కి ఉంది, కానీ ఆ ఫొటో డిస్నీకి అక్కర్లేదు. ప్రపంచంలో అత్యంత గుర్తున్న ముఖాలని తెచ్చి తన సినిమాల రూపంలో నిలబెడితే, మూడొందల ఏళ్ల కథకీ ఆ రూపానికీ మధ్య ఉన్న అతుకు కనిపించకుండా పోతుంది. పీటర్ పాన్ విషయంలో రచయిత బారీ 1929లో తన హక్కుల్ని లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చాడు. 1988లో బ్రిటన్ చట్టం చేసి మరీ ఆ రాయల్టీ ఆసుపత్రికి శాశ్వతంగా అందేలా చూసింది. ఒక కథ ఎవరిదన్న ప్రశ్నకి అది కూడా ఒక జవాబు. పత్రికలో ఫొటో చూసేవాళ్లకి ఆ ఆసుపత్రి గుర్తు రాదు.

కొంతకాలానికి ఈ వరస ఎక్కడికి చేరిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 2012లో విల్ ఫెరెల్, జాక్ బ్లాక్, జేసన్ సీగల్ ముగ్గురూ దయ్యాలుగా కనిపించారు. ఆ దయ్యాలు ఏ జానపద కథలోవీ కావు. 1969లో డిస్నీలాండ్‌లో తెరిచిన దయ్యాల భవంతి రైడ్ చివర్లో కనిపించే బొమ్మలు. సిండ్రెల్లాతో మొదలైన వరసలో ఇప్పుడు కథ అక్కర్లేని పాత్రలు కూడా రాణులతో సమానంగా కూర్చున్నాయి.

నన్ను బాధపెట్టిన ఫొటో ఒకటుంది. జెస్సికా బీల్ పొకహొంటస్‌గా కనిపించినది, కలలు స్వేచ్ఛగా పరుగెత్తే చోటు అన్నది దాని కింది వాక్యం. మిగతా పాత్రలు ఊహలోవి, పొకహొంటస్ కాదు. వర్జీనియాలో పౌహటన్ జాతి నాయకుడి కూతురు. వలసవచ్చిన ఇంగ్లిషువాళ్లు ఆమెని బంధించారు, మతం మార్చారు, 1617లో ఇంగ్లండ్‌లోని గ్రేవ్‌సెండ్‌లో ఇరవై ఏళ్లు దాటీ దాటకుండానే చనిపోయింది. ఆ మనిషిని ఆలిస్, టింకర్ బెల్ వరసలో కూర్చోబెట్టడం, ఆమె జాతి వాళ్లెవరినీ కాకుండా ఒక తెల్ల హాలీవుడ్ నటిని ఎంచుకోవడం, పైగా ఆ "స్వేచ్ఛ" అన్న మాట రాయడం, ఇది పొరపాటు అనడానికి నాకు మనసొప్పడం లేదు. చరిత్రని కథలో కలిపేస్తే పార్కుకి సౌకర్యం, అంతే.

అదే వరసలో బియాన్సే ఆలిస్ ఇంకో వైపు నిలబడుతుంది. డిస్నీ సినిమాల్లో మొదటి నల్లజాతి రాకుమారి టియానా వచ్చింది 2009లో. రెండేళ్ల ముందే ఈ ప్రకటన నల్లజాతి అమ్మాయిని ఇంగ్లిషువాళ్ల ఆలిస్‌గా టీకప్పులో కూర్చోబెట్టింది. సినిమా చేయడానికి జంకిన పనిని ప్రకటన చేయగలిగింది. అది ధైర్యమా, లెక్కా అని అడిగితే రెండూ అంటాను. ఆ ఫొటో చూసిన నల్లజాతి పిల్లకి మాత్రం ఆ తేడా అవసరం లేదు.

మన దగ్గర ఇలాంటిదే ఒకటి జరిగింది. 2020 క్యాలెండర్ కోసం ఫొటోగ్రాఫర్ జి.వెంకట్‌రామ్ రాజా రవివర్మ చిత్రాల్లోని స్త్రీలుగా సమంత, రమ్యకృష్ణ, శ్రుతి హాసన్, మంచు లక్ష్మి లాంటి నటీమణుల్ని తీశారు. సుహాసిని నడిపే స్వచ్ఛంద సంస్థ కోసం చేసిన పని అది. చీర మడత, నగ, చెయ్యి వంపు, అన్నీ రవివర్మ గీసినట్టే పెట్టారు. ఆ రవివర్మ కూడా 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి, దేవతల బొమ్మలు అచ్చేసి ఇంటింటికీ చేర్చినవాడే. మన లక్ష్మి, మన సరస్వతి ఎలా ఉంటారో ఒక చిత్రకారుడి చేయి నిర్ణయించింది, మనం మళ్లీ వేరేలా ఊహించలేదు. కాకపోతే ఆ రూపాలకి ఇప్పుడు యజమాని ఎవరూ లేరు. ఎవరైనా తీసుకోవచ్చు, సబ్బు పెట్టె మీద వేసుకోవచ్చు, వెంకట్‌రామ్‌లా ఫొటో తీయవచ్చు.

రేచల్ వైస్ స్నో వైట్‌గా ఉన్న ఫొటోలో నీలం రవిక, పసుపు పరికిణీ ఉంటాయి. గ్రిమ్ సోదరుల కథలో ఆ పిల్ల తెల్లటి ఒళ్లు, ఎర్రటి పెదాలు, నల్లటి జుట్టు గురించి ఉంది, పసుపు పరికిణీ గురించి లేదు. ఆ రంగులు 1937 సినిమావి. అమెరికా చట్టం ప్రకారం 95 ఏళ్లు నిండి, ఆ సినిమా 2033 జనవరి 1న కాపీరైట్ దాటుతుంది. మా పాప బళ్లో కిందటేడాది ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెడితే ముగ్గురు స్నో వైట్‌లు వచ్చారు. ముగ్గురివీ మా వీధి టైలర్ దగ్గర కుట్టించినవే, ముగ్గురివీ పసుపు పరికిణీలే. స్నో వైట్ అంటే ఏ రంగు గుడ్డ కావాలో టైలర్‌కి ఏ తల్లీ చెప్పలేదట.